డబ్బా అడుగున ఉన్న ప్రశ్న

పద్నాలుగేళ్లుగా ఆ పాఠం ఒకే పద్ధతిలో జరుగుతూ వచ్చింది. చెల్లెలు లోపల చెప్పేది, అక్క బయట దగ్గేది.

అక్క ఆ బడిలో సైన్సు టీచరు. చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. పదో తరగతికి ఎనిమిదో పాఠం, ‘ఎదిగే శరీరం’, మొదలయ్యే వారం చెల్లెలు ఒక పూట సెలవు పెట్టుకుని బడికి వచ్చేది. ఆ పాఠం కోసం ఆమె తెచ్చిపెట్టిన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. డబ్బా మూతకు కత్తితో చేసిన సన్నటి గాటు ఉండేది. అంతకు రెండు రోజుల ముందు నుంచే ఆ డబ్బా తరగతి గదిలో ఉండేది కాబట్టి, పిల్లలు తమ సందేహాలు చీటీల మీద రాసి ఆ గాటులోంచి లోపలికి జారవిడిచేవాళ్లు. మూత పైన చెల్లెలు అంటించిన కాగితం మీద మూడే షరతులు: ఎడమ చేత్తో రాయాలి. పేరు రాయకూడదు. ఎలాంటి ప్రశ్న వచ్చినా హాజరు పిలిచే గొంతుతోనే చదవాలి.

అక్క పని తలుపు బయట నిలబడటం. వరండాలో ఎవరైనా వస్తుంటే దగ్గాలి. దగ్గు వినగానే లోపల చెల్లెలు “చేతిలో ఎముకలెన్ని?” అని అడిగేది, పిల్లలు గొంతెత్తి ఎముకల పేర్లు వల్లించేవాళ్లు. వచ్చినవాళ్లు ఆ శ్రద్ధకు ముచ్చటపడి వెళ్లిపోయేవాళ్లు.

“నువ్వు లోపలుంటే వాళ్లు అడగరక్కా. మార్కులు వేసే మనిషివి,” అని చెల్లెలు చెప్పిన సాకు అక్కకు ఎంతో హాయిగా ఉండేది. కప్ప గుండె నుంచి చెట్టు వేరు దాకా ఏదైనా అరటిపండు ఒలిచినట్టు చెప్పే మనిషికి, ఈ ఒక్క పాఠం దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు.

అయితే ఒక్క సంగతి ఆమెకు ఎప్పుడూ అంతుపట్టలేదు. ఏటా పాఠం మొదలైన ఐదో నిమిషంలో లోపల నుంచి ఒక నవ్వు వచ్చేది. తరగతి మొత్తం ఒక్కసారే, పైకప్పు లేచిపోయేట్టు. ఆ నవ్వు తర్వాత పిల్లల గొంతులు మారిపోయేవి, ఇంట్లో మాట్లాడుకుంటున్నట్టు అయ్యేవి. “ఏమన్నావే వాళ్లతో?” అని అడిగితే, “ఏం లేదక్కా, పిల్లలు కదా” అనేది చెల్లెలు.

పోయినేడు చెల్లెలు పోయింది. రెండు రోజుల జ్వరం. దాని గురించి అక్క అంతకన్నా ఎక్కువ ఎవరికీ చెప్పలేదు. డబ్బా స్టాఫ్ రూములో బీరువా మీద పదకొండు నెలలుగా ఉంది. ఆమె రోజూ అక్కడే టిఫిన్ పెట్టె తెరిచేది. పైకి చూసేది కాదు.

ఈ ఏడాది ఎనిమిదో పాఠం దగ్గర పడుతుండగా హెడ్మాస్టరు ఆమెను తన గదికి పిలిచాడు.

“టీచర్ గారూ, మీకు ఇబ్బంది లేకుండా ఒక ఏర్పాటు చేశాను,” అన్నాడు. “ఏదో బలం పొడి కంపెనీ వాళ్లు వీడియో పంపారు. ఉచితం. నలభై నిమిషాలు. తెర కట్టి, తలుపేసి మనం బయటికొచ్చేస్తే సరి.”

“మీరు చూశారా?”

“మొదలు చూశాను, చివర చూశాను. మధ్యలో చెమట పట్టి ఆపేశాను.”

“చివర ఏముంది?”

“పొడి డబ్బా ఉంది,” అని ఒప్పుకున్నాడాయన.

“మాట్లాడేది ఎవరు?”

“చొక్కా వేసుకోడు చూడండి, ఆ కుర్రాడు.”

ఆమెకు అర్థమైంది. పిల్లలు కండలన్న అని పిలుచుకునే మనిషి. ఫోన్లో మూడేసి నిమిషాలు కనిపించి, అరచేతిలో వైకుంఠం చూపించి మాయమవుతాడు. మొటిమలు చెడు ఆలోచనల వల్ల వస్తాయంటాడు. పదిహేనేళ్లకు గొంతు ముదరకపోతే మగతనంలో లోటంటాడు. గొంతు మారేటప్పుడు ఎక్కువ వాగితే అది సన్నగానే నిలిచిపోతుందని కూడా అన్నాడట. ఆ మాటతో పదో తరగతిలో పెద్ద విడ్డూరమే జరిగింది. వెనక బెంచీలో రేడియో అనే పేరుపడ్డ వాగుడుకాయ ఉన్నాడు. ఏ పాఠం మధ్యలోనైనా వాడి వ్యాఖ్యానం వినపడాల్సిందే. అలాంటివాడు రెండు వారాలుగా నోరు విప్పడం లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు. ప్రశ్న అడిగితే కాగితం మీద రాసి చూపిస్తాడు. లెక్కల మాస్టారు మాత్రం, ఇన్నాళ్లకు దేవుడు కరుణించాడని సంతోషపడ్డాడు.

ఆడపిల్లలకు వేరే ఆవిడ ఉంది, మెరుపక్క. నెలసరి ఇరవై ఎనిమిది రోజులకే రావాలి, ఒక్క రోజు అటూ ఇటూ అయినా లోపల ఏదో చెడిపోయినట్టే అంటుంది. అది విన్నప్పటి నుంచి క్లాస్ లీడరు పిల్ల నోటుపుస్తకం వెనక రోజులు లెక్కపెట్టుకుంటోంది. ముప్ఫై మూడో రోజున లెక్కల పరీక్షలో కళ్ల నీళ్లు పెట్టుకుంది. లెక్కలు రాక ఏడుస్తోందనుకున్నారు అందరూ.

“పాఠం నేనే చెప్తాను,” అంది టీచరు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఒక క్షణం తనే అనుమానపడింది.

“మీరా?”

“నేనే.”

“లోపల నిలబడా?”

“లోపలే.”

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సరే. సోమవారం మీది. కుదరకపోతే గురువారం వీడియో. కానీ ఒకసారి వీడియో అలవాటైతే ఇక ఏటా అదే. ఆ డబ్బా మళ్లీ కిందికి దిగదు, ముందే చెప్తున్నాను.”

ఆ సాయంత్రం ఆమె కుర్చీ ఎక్కి డబ్బా దించింది. దుమ్ము తుడిచి, తరగతిలో కిటికీ పక్కన పెట్టింది. శనివారానికి డబ్బా సగం నిండింది.

చెల్లెలైతే చీటీలను తరగతిలోనే మొదటిసారి విప్పేది. అక్కకు అంత ధైర్యం లేదు. ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలిస్తే కాస్త సర్దుకోవచ్చని ఆదివారం పొద్దున్న ఇంట్లో టేబుల్ ముందు కూర్చుని డబ్బా తెరిచింది. నలభై మూడు చీటీలు. చదువుతున్నకొద్దీ ఆమెకు భయం తగ్గింది. పిల్లలు అడిగినవన్నీ ఎక్కడో విన్నవే. కండలన్న అన్నాడు, మెరుపక్క చెప్పింది, సినిమాలో చూశాం, నిజమేనా. ప్రతి చీటీ చివరా అదే మాట: నిజమేనా, నిజమేనా.

చదువుతూ ఆమె ఒక పని చేసింది, తెలియకుండానే. ఇరవయ్యారేళ్లుగా ఏ కాగితం చేతికొచ్చినా ముందు మూల మీద రోల్ నంబరు వేసుకుని దిద్దడం ఆమెకు అలవాటు. పిల్లలు ఎడమ చేత్తో రాసినా, కుడి చేత్తో రాసినా, కాలి వేళ్లతో రాసినా ఆ రాత ఎవరిదో ఆమె పోల్చగలదు. నలభై మూడు చీటీలకూ ఎర్ర సిరాతో నంబర్లు పడ్డాయి. రెండు చోట్ల ‘రాత బాగుచేసుకో’ అని కూడా పడింది.

సోమవారం ఆమె తరగతిలోకి వెళ్లి, తలుపు మూసి, డబ్బాలోంచి మొదటి చీటీ తీసి, హాజరు పిలిచే గొంతుతో చదివింది.

“గొంతు మారేటప్పుడు మాట్లాడితే అది అలాగే ఉండిపోతుందని కండలన్న అన్నాడు. నేను ఇంకెన్నాళ్లు మాట్లాడకుండా ఉండాలి?”

ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో మొదటి బెంచీలోంచి క్లాస్ లీడరు మెల్లగా అంది: “టీచర్, ఆ మూలన ఎర్రగా ఏముంది?”

టీచరు చీటీ తిప్పి చూసేసరికి ఆ అంకెను మొదటి బెంచీ పైకే చదివేసింది: ఇరవై మూడు.

నలభై తలలు వెనక్కి తిరిగాయి. ఇరవై మూడో నంబరు రేడియోది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడు లేచి, చిటికెన వేలు చూపించి, అనుమతి కోసం ఆగకుండానే బయటికి నడిచాడు. ఒక్కొక్కరూ తమ చీటీ మీద కూడా ఏ అంకె పడిందో అనుకుంటున్నారని ఆమెకు తెలుసు. రెండో చీటీ తీయడానికి చెయ్యి రాలేదు. మిగిలిన సమయమంతా పిల్లలు తలలు వంచుకుని ఎముకల బొమ్మ గీశారు.

“పోనీలెండి,” అన్నాడు హెడ్మాస్టరు మధ్యాహ్నం. ఆ మాటలో వెక్కిరింత లేదు, అదే ఆమెకు కష్టంగా ఉంది. “గురువారం తెర కట్టిస్తాను.”

“గురువారం మొదటి పదిహేను నిమిషాలు నాకివ్వండి. పిల్లలు నవ్వితే పాఠం నాది. నవ్వకపోతే వీడియో వెయ్యండి.”

“నవ్వితేనా?” అని ముక్కున వేలేసుకున్నాడాయన. “ఇరవయ్యారేళ్లుగా పిల్లలు నవ్వితే మీరు బెంచీ ఎక్కించేవాళ్లు.”

ఇంటికి వెళ్లి ఆమె ఆ చీటీలన్నీ బకెట్లో నానబెట్టింది. ఎర్ర సిరా కరిగి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. డబ్బాను కూడా కడిగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదామనుకుని, అడుగున పరిచిన గుండ్రటి కాగితాన్ని గోటితో లేపింది. దాని కింద ఇంకో చీటీ ఉంది. మడతల దగ్గర చిరగబోతోంది. ఏటా విప్పి, చదివి, మళ్లీ మడిచి దాచిన చీటీ. అందరినీ ఎడమ చేత్తో రాయమన్న చెల్లెలు, ఇది మాత్రం కుడి చేత్తో రాసింది.

“నాకు ఎనిమిదేళ్లు. మా అక్కకు పదకొండు. సినిమాలో హీరో హీరోయిన్లు వానలో తడుస్తూ పాట పాడారు. పాట అవగానే బాబు పుట్టాడు. వానలో ఎవరి పక్కన తడిస్తే వాళ్లతో పిల్లలు పుడతారని మా అక్క చెప్పింది. నిన్న బడి నుంచి వస్తుంటే గొడుగు తిరగబడి నేనూ పక్కింటి అబ్బాయీ తడిశాం. అమ్మకు ఇప్పుడే చెప్పాలా, బాబు పుట్టాక చెప్పాలా?”

టీచరు సింకు పట్టుకుని నిలబడిపోయింది. నాలుగు దశాబ్దాల కిందటి చిన్న చొక్కా ఒకటి కళ్ల ముందుకొచ్చింది. రెండు చేతిరుమాళ్లు కలిపి చెల్లెలు కుట్టిన అరచేయంత చొక్కా. బొమ్మకని అనుకున్నారు ఇంట్లో. ఇంట్లో ఏ బొమ్మకూ అది సరిపోలేదు.

నవ్వు పొట్టలో ఎక్కడో మొదలైంది. పదకొండు నెలలుగా వాడకపోవడం వల్ల మొదట దగ్గులా వచ్చింది. తర్వాత ఆపుకుందామన్నా ఆగలేదు. చేతులు తుడుచుకుని మరిదికి ఫోన్ చేసింది. చెల్లెలి భర్త బస్సుల షెడ్డులో మెకానిక్కు. వెనక ఏదో ఇంజను రొద పెడుతోంది.

“వదినా? నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?” అన్నాడు కంగారుగా.

“వాన చీటీ సంగతి నీకు తెలుసా?”

అవతల ఇంజను ఆగింది. “దొరికిందా? నాకు చెప్పింది వదినా. ఏటా ఆ రోజు ఇంటికొచ్చి, ఈసారి పిల్లలు ఎంతసేపు నవ్వారో చెప్పేది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. బయట కాపలా కాసే మనిషి మీదే లోపల జోకు వేస్తున్నానని తెలిస్తే దగ్గడం మానేస్తుందండీ అనేది.”

“పద్నాలుగేళ్లు నన్ను అల్లరి చేసిందన్నమాట.”

“మీరు మాత్రం తక్కువ చేశారా వదినా? గొడుగు లేకుండా నా పక్కన నడవడానికి పెళ్లయ్యాక కూడా కాస్త ఆలోచించేది.”

గురువారం తెర కట్టి ఉంది. హెడ్మాస్టరు వరండాలో గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. టీచరు లోపలికి వెళ్లి తలుపు మూసింది. పిల్లలు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. రేడియో కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“సోమవారం నేను తప్పు చేశాను,” అంది ఆమె. “నా చేతికి దిద్దడం తప్ప ఇంకోటి రాదు. మీరు నమ్మి రాసిన చీటీల మీద నంబర్లు వేశాను. ఆ చీటీలు ఇప్పుడు లేవు, నీళ్లలో నానబెట్టి పారేశాను. ఇవాళ ఒక్క చీటీ మిగిలింది. అది మీలో ఎవరిదీ కాదు.”

హాజరు పిలిచే గొంతుతో చదవడం మొదలుపెట్టింది. గొడుగు తిరగబడే చోటికి వచ్చేసరికి మొదటి బెంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ‘బాబు పుట్టాక చెప్పాలా’ అనేసరికి గది ఘొల్లుమంది.

“ఆ అక్క ఎవరో గానీ టీచర్,” అంది క్లాస్ లీడరు కళ్లు తుడుచుకుంటూ, “కండలన్నకు గురువులా ఉంది.”

“ఆ అక్కను నేనే.”

అప్పుడు వచ్చింది అసలు నవ్వు. పద్నాలుగేళ్లు తలుపు అవతల నుంచి విన్న నవ్వు. బల్లలు కదిలాయి, ఎవరి పెన్నో దొర్లి కింద పడింది. అన్నిటినీ మించి వెనక బెంచీలోంచి ఒక వింత శబ్దం. సగం ఎలుగుబంటి, సగం ఈల. రేడియో నవ్వుతున్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించి, నోరు మూసుకోబోయి, మళ్లీ నవ్వాడు.

“టీచర్, ఇరవై మూడు నాదే,” అన్నాడు. మాట లావుగా మొదలై, సన్నబడి, మళ్లీ లావుగా దిగింది. “చీటీ లేకపోయినా ఫర్వాలేదు, నోటితోనే అడుగుతా. మాట్లాడితే గొంతు చెడిపోతుందా, చెడిపోదా?”

“చెడిపోదు. గొంతులో తీగలు పెరుగుతున్నాయి, అందుకే జారుతోంది. కొందరికి పన్నెండుకే మారుతుంది, కొందరికి పదహారు దాటాక. నువ్వు వాగినా మారుతుంది, వాగకపోయినా మారుతుంది.”

“అయితే రెండు వారాలు ఊరికే పోయాయి,” అన్నాడు వాడు నిజమైన బాధతో. “కండలన్నకేం, ఇంట్లో కూర్చుని చెప్తాడు. లెక్కల మాస్టారు నన్ను మెచ్చుకున్నారు కూడా టీచర్. ఆ అవమానం ఎవరు తీరుస్తారు?”

కొత్త చీటీలు రాయడానికి కొందరు ఇంకా జంకుతుంటే, ఉపాయం చెప్పింది కూడా వాడే. ప్రతివాళ్లూ రెండేసి చీటీలు రాయాలి. ఒకటి తన సందేహం, ఒకటి ఫోన్లోనో సినిమాలోనో విన్నది. అప్పుడు రాత పోల్చినా, ఏది సొంత సందేహమో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. డబ్బా బెంచీల మీదుగా తిరిగింది. బరువెక్కి వెనక్కి వచ్చింది.

“నెలసరి సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకే రావాలా?”

“అక్కర్లేదు. మీ వయసులో ఒక నెల నాలుగు రోజులు ముందూ, ఒక నెల నాలుగు రోజులు వెనకా అవుతుంది. మూడు నెలలు రాకపోతేనో, భరించలేని నొప్పి ఉంటేనో డాక్టరుకు చూపించాలి. క్యాలెండర్ చూసి ఏడవక్కర్లేదు.” మొదటి బెంచీ వైపు ఆమె చూడలేదు. కానీ అక్కడ ఒక నోటుపుస్తకం మూసిన చప్పుడు వినపడింది.

“నిద్రలో బట్టలు తడిస్తే బలం పోతుందట, నిజమేనా?”

“పోదు. ఎదిగే ఒంట్లో అది మామూలు. బట్టలు ఉతుక్కోవాలి, అంతే. అదీ మీ అమ్మ కాదు, మీరే.”

“ఎవరైనా ఫోటో పంపమని అడిగితే, ఇష్టం ఉంటే పంపాలని ఒక సీరియల్లో అన్నారు.”

“పంపొద్దు. ఇష్టం ఉన్నవాళ్లు అలా అడగరు. అడిగితే నాకు చెప్పండి, ఇంట్లో చెప్పండి. అడిగినవాడిదే తప్పు, మీది కాదు.”

“హీరోయిన్ కాదంటే అవునని అర్థమట కదా?”

“హోంవర్కు చేశావా అంటే మీరు లేదంటారు. నేనెప్పుడైనా అవునని అర్థం చేసుకున్నానా? కాదంటే కాదనే.”

గది మళ్లీ ఘొల్లుమంది. ఈసారి ఆమె కూడా.

సరిగ్గా అప్పుడు తలుపు బయట ఎవరో దగ్గారు. పొడి దగ్గు, కావాలని తెచ్చుకున్న దగ్గు. టీచరు ఉలిక్కిపడి, అలవాటున “చేతిలో ఎముకలెన్ని?” అంది. పిల్లలు గొంతెత్తి అందుకున్నారు. అందరికంటే పైన రేడియో గొంతు, ఒక్కో ఎముకకు ఒక్కో శ్రుతిలో.

కాసేపటికి హెడ్మాస్టరు తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. “ఇక ఎముకలు చాలు. పొడి కంపెనీ ఆయన తెర సంగతి కనుక్కుందామని వచ్చాడు. పిల్లలు చదువుకుంటున్నారని చెప్పి పంపించేశాను. వీడియో కూడా ఆయనకే ఇచ్చేశాను.”

“పదిహేను నిమిషాలు అయిపోయాయా?” అంది టీచరు.

“ఎప్పుడో. బయట నాకు వినపడుతూనే ఉంది.” ఆయన వెళ్లబోయి ఆగాడు, గొంతు తగ్గించాడు. “టీచర్ గారూ, ఆ వాన సినిమా మా చిన్నప్పుడు నేనూ చూశాను.”

“మరి మీరేమనుకున్నారు?”

హెడ్మాస్టరు తలుపు దగ్గరికి లాగుతూ, మళ్లీ దగ్గాడు.